దేవదానం మొండివాడు కాదు

దేవదానం మొండివాడు కాదు. ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మాట చిన్నదే. కానీ లోపల పెట్టుకుని తిరిగిన మనిషికే దాని బరువు తెలుస్తుంది. అన్నం తింటున్నప్పుడు, దుకాణంలో బేరం చేస్తున్నప్పుడు, పెళ్లి పందిట్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నప్పుడు కూడా అది కదలకుండా అక్కడే ఉండేది. ఇంక అలవాటైపోయిందిలే అనుకున్న రోజులూ ఉన్నాయి. కాలేదు.

నా పేరు రాయడం లేదు. ఆత్మకూరు వైపు వాళ్లు నాలుగు వాక్యాలు చదివేసరికే నన్ను గుర్తుపడతారు, మిగిలినవాళ్లకు నా పేరుతో పని లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి కాస్త తేలికగానే చెప్పగలననుకుంటున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే, అది నా పాత అలవాటని తెలుసుకోండి.

మాది ఆత్మకూరులో ఎరువుల దుకాణం. దుకాణం కంటే మా ఇంటికి పేరు తెచ్చింది పచ్చకామెర్లకు ఇచ్చే పసరు. మా తాత ఇచ్చాడు, మా నాయన ఇచ్చాడు. ఆదివారం పొద్దు పొడవకముందే పెరట్లో జనం కూర్చునేవాళ్లు. నల్లమల అంచున దొరికే ఒక ఆకు నూరి, మేకపాలలో కలిపి, పరగడుపున తాగించేవాళ్లం. అలా మూడు ఆదివారాలు. ఉప్పూ కారం నూనె లేని పథ్యం. డబ్బు ముట్టకూడదు, ఎవరైనా టెంకాయ తెస్తే తీసుకునేవాళ్లం. పసరు తాగుతున్నన్నాళ్లూ సూది గాని మాత్ర గాని ఒంటికి తగలకూడదు, తగిలితే పసరు విరిగిపోతుందని ఒక కట్టుబాటు. అది ఎవరు పెట్టారో తెలియదు. మేం చెప్పేవాళ్లం, వచ్చినవాళ్లు పాటించేవాళ్లు.

మామూలు కామెర్లు పథ్యంతో, విశ్రాంతితో చాలామందికి వాటంతట అవే తగ్గిపోతాయి. మేం పసరు పోసినా తగ్గేవి, పోయకున్నా తగ్గేవి. ఆ తగ్గడమంతా మా ఖాతాలో పడింది. ఇది ఇప్పుడు చెబుతున్న మాట. అప్పుడు నాకు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే దుకాణం మెట్లు ఎక్కనిచ్చేవాణ్ని కాదు.

అయితే మా నాయనకు సొంతంగా ఒక పద్ధతి ఉండేది. పసరు పోసేముందు ప్రతి మనిషినీ అడిగేవాడు. ఒళ్లు దురద పెడుతోందా? దొడ్డికి ఏ రంగులో పోతోంది? దురద ఉండి, మలం సుద్దమట్టిలా తెల్లబడిందంటే గిన్నె పక్కన పెట్టేసేవాడు. "ఇది మన మందుకు లొంగేది కాదు. లోపల యాడనో దారి మూసుకపోయింది. కర్నూలు పెద్దాసుపత్రికి పో" అనేవాడు. ఎంత బతిమాలినా పోసేవాడు కాదు. కొందరు తిట్టుకుంటూ పోయేవాళ్లు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

నాయన పోయాక గిన్నె నా చేతికొచ్చింది. మొదట్లో నేనూ ఆయన చెప్పినట్టే నడిచాను. తర్వాత మా వీధిలో బట్టలు కుట్టే మస్తాన్, భార్యను తీసుకొచ్చాడు. ఆమెకు దురద ఉంది, మలం తెల్లగా ఉంది. కుడి డొక్కలో నొప్పి మెలిపెట్టి వచ్చి పోయేది, చలిజ్వరం కూడా వచ్చేది. కళ్ల పచ్చదనం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. కర్నూలు పొమ్మన్నాను. రంజాన్ ముందు పని వదిలి పోలేను, ఈ ఒక్కసారికి పొయ్యమని మస్తాన్ నా చేతులు పట్టుకున్నాడు. కాదనలేక పోశాను. ఆ వారంలోనే ఆమెకు ప్రాణం పోయేంత నొప్పి వచ్చిందట. అది తగ్గాక కళ్లు తేటబడ్డాయి. పండగకు షీర్‌ఖుర్మా గిన్నె పట్టుకుని తనే నడిచి మా ఇంటికొచ్చింది.

అది రాయి. పైత్యం దిగే గొట్టంలో ఇరుక్కున్న రాయి దానంతట అదే జారి పేగులో పడింది. నా పసరుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఊరు "నాయనను మించినాడప్పా" అంది. ఆ మాట నాకు ఎంత రుచించిందో మీకు చెప్పాలి. నాయన వద్దన్న చోట నేను గెలిచాను. ఆయన తెలివి అనుకున్నది ఒట్టి భయమేమో అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక అనుకోవాలని ఉండి అనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

అప్పుడు వచ్చాడు దేవదానం.

పక్క పల్లెలో శనగ వేసే రైతు. మేమిద్దరం హైస్కూల్లో ఒకే బెంచీ. వాళ్ల సంఘంలో పెద్ద. చర్చిలో పాట ఎత్తుకుంటే మైకు అక్కర్లేని గొంతు. ఆ సంఘం వాళ్లు మా పసరుకు వచ్చేవాళ్లు కాదు, అందులో మంత్రాలుంటాయని వాళ్ల అనుమానం. సంఘ పెద్దే వచ్చి మా పెరట్లో కూర్చుంటే ఇంక అందరూ వస్తారని, అతన్ని చూడగానే నాకు తోచిన మొదటి ఆలోచన. స్నేహితుడి కళ్లు పచ్చబడ్డాయన్నది రెండో ఆలోచన. ఈ వరస కూడా చెప్పేస్తున్నాను.

"ఏమప్పా శెట్టీ, మీ కషాయం మాకు గూడా పోస్తావా, లేకుంటే గుండు కొట్టిచ్చుకోని రమ్మంటావా?" అన్నాడు వస్తూనే.

"ముందు కళ్లు చూపీయప్పా."

"చూడు. ఇంట్లో ఇంగ పసుపు కొనే పనే లేదంటాంది మా ఇంటామె సువార్త."

"నొప్పి ఏమన్నా ఉండాదా?"

"రవ్వంత గూడా లేదు. అదే నా ధైర్యం. దురదే శానా ఉండాది. గోకి గోకి గోళ్లు అరిగిపోయినాయి."

"దొడ్డికి?"

అతను అటూ ఇటూ చూసి నన్ను బావి పక్కకు లాక్కుపోయాడు. "అది గూడా చెప్పల్నా? బడి ఎనక గుంతలో సుద్దమట్టి తవ్వుతాంటిమి సూడు. అట్ల పోతాంది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గించడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. "సువార్త కర్నూలుకు పోదామంటాంది. నువ్వేమంటావు? పొమ్మంటే ఈ పొద్దే బస్సెక్కుతా."

పొమ్మంటే పోతానన్నాడు. నా మాట కోసమే నిలబడ్డాడు.

"నొప్పే లేదంటాండావు, ఇంగ కర్నూలు యాలప్పా?" అన్నాను నేను. "ఇంతకంటే ముదిరినదాన్ని నయం చేసినా. మూడు ఆదివారాలు తాగు. అందాకా సూదీ మాత్రా తగలనీయొద్దు, పసరు విరిగిపోతాది."

"నువ్వు చెప్తే అంతే ఇంగ."

గిన్నె ఎత్తి గటగటా తాగాడు. మొహం చిట్లించి, "దీనికంటే కామెర్లే మేలప్పా" అని గట్టిగా అన్నాడు. పెరట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రెండో ఆదివారం అయ్యాక అతని కళ్లు కొంచెం తేటబడ్డాయి. నేను ఆ కళ్లను దుకాణానికి వచ్చినవాళ్లకు చూపించాను. అతను కూడా సంబరంగా రెప్పలు విప్పి చూపించేవాడు. మళ్లీ పచ్చదనం ఎక్కింది. కొందరికి ఇంకో రెండు వారాలు పడుతుందన్నాను. అలా ఎవరికీ పట్టదు, అప్పటికప్పుడు నా నోటికొచ్చిన మాట అది. చొక్కా వదులైంది. పథ్యం వల్ల అన్నాను. దురద ఎక్కువైంది. లోపలి విషం బయటికి పోతోందన్నాను. ప్రతిదానికీ నా దగ్గర ఒక జవాబు ఉండేది. ఒక్క జవాబు కోసం కూడా నేను వెతుక్కోలేదు. వెతుక్కుని ఉంటే ఎక్కడో ఒకచోట ఆగేవాణ్నేమో.

చివరికి సువార్తమ్మే అతన్ని బస్సెక్కించింది. నేనూ వెంట వెళ్లాను. స్కానింగు తీశారు, ఆపరేషను మొదలుపెట్టారు, తెరిచి చూసి మూసేశారు. పైత్యం గొట్టం పేగులో కలిసే మూల దగ్గర గడ్డ. కాలేయానికి పాకింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి అడిగాడు, ఎన్నాళ్లుగా ఉంది, ఏం చేశారు అని. మధ్యలో ఒకసారి తగ్గింది సార్ అన్నాను ఆశగా. "ఆ చోట వచ్చే గడ్డకు పైపొర రాలిపోయి దారి కాస్త తెరుచుకుంటుంది. తగ్గినట్టు కనిపిస్తుంది, అంతే" అన్నాడు. నొప్పి అసలు లేదు సార్ అన్నాను. ఆయన నా వైపు చూశాడు. "నొప్పి లేకుండా కళ్లు పచ్చబడి, మనిషి చిక్కిపోతుంటేనే మాకు ఎక్కువ భయం. మీవాళ్లు అదే మంచిదనుకుంటారు. ఇది ముందుగా దొరికితే చాలాసార్లు తీసేయగలిగే రకం."

నాయన నియమం దారి మూసుకుపోయిందని చెప్పేదాకే. మూసింది రాయో గడ్డో చెప్పడానికి మా పెరట్లో సాధనం లేదు. నేను మస్తాన్ భార్యను చూసి దేవదానానికి తీర్పు చెప్పాను. పైగా నొప్పి ఉన్న ఆమె విషయంలో భయపడ్డాను, నొప్పి లేని అతనికి ధైర్యం చెప్పాను. సరిగ్గా తలకిందులుగా.

ఇంతవరకు చెప్పింది తప్పు. తప్పు అని సర్దుకోవచ్చు, తెలియక చేశానని అనుకోవచ్చు. అసలు చెప్పవలసింది దీని తర్వాతది.

కుట్లు కాస్త ఆరాక ఒక రోజు వార్డు బయట వరండాలో దేవదానాన్ని కూర్చోబెట్టారు. పక్కన సువార్తమ్మ. అప్పటికి డాక్టరు మాట ఆమె చెవిన కూడా పడింది.

"అన్నా, ముందుగానే తెచ్చింటే తీసేస్తాంటిరంట గదా" అంది. "నేను అప్పుడే పోదామంటే, శెట్టి వద్దన్నాడు అన్నాడు ఈయన. నువ్వు వద్దంటివా?"

చుట్టూ వాళ్ల సంఘం మనుషులు ఉన్నారు. అందరూ నా వైపు చూస్తున్నారు. ఒక్క క్షణం చాలు, మనిషి తన గురించి తాను అనుకున్నదంతా అబద్ధమని తేలడానికి.

"లేదమ్మా. నేను మొదటి వారమే కర్నూలు పొమ్మన్నా. పసరు అయినాక పోతాలే అని ఆయనే అన్నాడు."

దేవదానం తల తిప్పి నన్ను చూశాడు. ఆ కళ్లు అప్పటికి పసుపు దాటి ఆకుపచ్చకు తిరిగాయి. చాలాసేపు చూసినట్టు నాకు గుర్తు. అంతసేపు చూసి ఉండడు. తర్వాత భార్యతో అన్నాడు.

"అవునే. శెట్టి చెప్పినాడు. నేనే వినల్యా."

"ఎంత మొండోడివయ్యా నువ్వు" అని ఆమె నుదురు కొట్టుకుంది. "నన్ను చంపితివి గదా."

అతను ఎందుకలా అన్నాడు? అడగడానికి నాకు ధైర్యం లేకపోయింది. నా పరువు కాపాడాడా? సంఘం పెద్ద అయి ఉండి శెట్టి మాట నమ్మి చెడ్డానని ఒప్పుకోలేకపోయాడా? లేక అప్పటికే అంతా అయిపోయింది, ఇంక ఎవరినీ చెడగొట్టడం ఎందుకు అనుకున్నాడా? ఎన్ని విధాలుగా ఆలోచించినా, అన్నిట్లోనూ అతను నాకంటే పెద్ద మనిషిగానే మిగులుతాడు.

మళ్లీ శనగ విత్తేలోపే పోయాడు. సమాధి దగ్గర పాస్టరుగారు కూడా, మంచిమాట వినని మొండితనం మనిషిని ఎంతదాకా తెస్తుందో చెప్పారు. నేను చేతులు కట్టుకుని విన్నాను. వాళ్లలో ఏటా ఈస్టరు ముందు సమాధులకు సున్నం కొట్టి, పండగ తెల్లవారుజామున అక్కడ కూడుకునే ఆనవాయితీ ఉంది. సువార్తమ్మ ఏనాడూ ఆ సమాధికి సున్నం కొట్టలేదు. కొడుకు కొట్టేవాడు. ఆమె దూరంగా నిలబడేది. "నా మాట ఇన్నోడా, నేను కొట్టేదానికి" అనేదట. దుకాణానికి వచ్చినవాళ్లు చెబుతుంటే తూకం వేస్తూ వినేవాణ్ని.

పసరు ఆపేశాను. ఆకు దొరకడం లేదని చెప్పాను. అదొక అబద్ధం. స్నేహితుడి మీద బెంగతో ఆపేశాడని ఊళ్లో అనుకున్నారు. ఆ గౌరవం కూడా కాదనకుండా తీసుకున్నాను. తర్వాత దుకాణం కర్నూలు పక్కన కల్లూరుకు మార్చాను. అక్కడ కొత్త ఇళ్లు, కొత్త మనుషులు. పసరు సంగతి ఎవరూ అడగరు.

మొన్నటి చలికాలంలో అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే నా కళ్లు పచ్చగా కనిపించాయి. దురద అంతకు ముందు నుంచే ఉంది. దొడ్డికి వెళ్లి చూసుకున్నాను. సుద్దమట్టి. నా ముందు నేనే కూర్చుని నాయన ప్రశ్నలకు జవాబు చెప్పుకున్నట్టయింది.

కర్నూలులో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నొప్పి ఉందా అని అడిగింది. ఉందమ్మా, భోజనం చేశాక కుడి పక్క వచ్చి పోతుంది, గ్యాసు అనుకున్నాను అన్నాను. నొప్పి ఉందని అంత ఆత్రంగా చెప్పిన రోగిని ఆమె చూసి ఉండదు. నా సంతోషం కనిపెట్టినట్టు అంది: "నొప్పి ఉంటే రాయే అనీ, లేకపోతే గడ్డే అనీ తీర్మానించుకోకండి. అనుమానం ఎటు మొగ్గుతుందో మాత్రమే అవి చెబుతాయి. లోపల చూశాకే మాట. అవసరమైతే ముక్క తీసి పరీక్ష చేశాకే." ఇంత జాగ్రత్తగా మాట్లాడటం సాధ్యమే అన్నమాట, అనుకున్నాను.

ఆ ఎదురుచూపులో నేను దేవుణ్ని రాయి అడిగాను. నవ్వకండి. రాయే అయింది. నోట్లోంచి గొట్టం పంపి తీసేశారు. కొన్ని రోజులకు కళ్లు తెల్లబడ్డాయి. మా ఆవిడ దిష్టి తీసింది. ఇంట్లో అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. నేనూ పీల్చుకున్నాను, అబద్ధం ఎందుకు, చాలా సంతోషపడ్డాను. ఆ సంతోషంలోనే, వరండాలో నా వైపు తిరిగిన ఆ కళ్లు కనిపించాయి. వాటిలో కోపం ఉండి ఉంటే బాగుండేది. లేదు. నేను బతికాను, అతను పోయాడు, అది నా చేతిలో లేనిది. మొదటి వారమే వెళ్లి ఉంటే అతను బతికేవాడని ఏ డాక్టరూ నాకు రాసివ్వడు. కానీ అతను మొండివాడు కాదన్నది మాత్రం నా చేతిలో ఉన్నది. లోకంలో నా ఒక్కడి చేతిలోనే.

ఒంట్లో ఓపిక రాగానే వెళ్లాను. సువార్తమ్మ అరుగు మీద కూర్చుని చేటలో శనగలు ఏరుతోంది.

"రా అన్నా. ఎన్నాళ్లకు. ఏమప్పా అంత చిక్కిపోయినావు?" అంది.

కూర్చోకుండానే చెప్పాను. కూర్చుంటే మాట దారి తప్పుతుందని భయం. బావి పక్కన అతను అడిగింది, నేను అన్నది, వరండాలో నేను ఆడిన అబద్ధం, అతను దాన్ని తన మీద వేసుకున్నది. సమర్థించుకునే మాటలు రెండు మూడు నోటిదాకా వచ్చాయి. మింగేశాను. చేటలో ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"ఆ పొద్దు ఆయనే అవునన్నాడు గదా" అంది.

"నా కోసం అన్నాడమ్మా."

ఆమె శనగల్లోకి చూస్తూనే మెల్లగా అంది.

"నీ కోసం అబద్ధం ఆడినాడు. పోయేలోపల నాకోసం ఒక్క నిజం చెప్పల్యా."

నా జీవితంలో జవాబు లేకుండా నిలబడటం అది మొదటిసారేమో. ఆమె తల ఎత్తింది.

"నేను ఇన్నేండ్లు ఆయన్ని తిట్టినా శెట్టీ. పొద్దున్నే లేసి తిట్టినా. సంఘంలో అందరూ తిట్టినారు. వాళ్లకు ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తానమ్మా."

"చెప్పు. చెప్పి పో. ఇంగ మా ఇంటికి రావద్దు."

అన్నా అని పిలిచే మనిషి శెట్టీ అంది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారిని అడిగి సంఘం ముందు నిలబడి చెప్పాను. బయటికి వచ్చాక ఒక ముసలాయన నా చెప్పుల మీద ఉమ్మేసి వెళ్లాడు. తుడుచుకోవాలనిపించలేదు. బస్సులో కల్లూరు వస్తూ కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. పగలు నిద్ర నాకు అలవాటు లేదు. కండక్టరు తట్టి లేపాడు.

ఆమె నన్ను క్షమించలేదు. క్షమించమని నేను అడగనూ లేదు. అడిగితే అది మళ్లీ నా కోసమే అవుతుంది. అయినా ఛాతీలో ఏదో ఖాళీ అయింది. ఖాళీ అయినందుకు సిగ్గుపడాలా? పడటం లేదు. ఇదీ ఒప్పుకుంటున్నాను.

ఈస్టరు ముందు రోజు పని మీద ఆత్మకూరు వెళ్తూ వాళ్ల సమాధుల తోట పక్కగా పోయాను. బండి ఆపలేదు, కొంచెం నెమ్మది చేశానంతే. సువార్తమ్మ కొంగు నడుముకు చుట్టి, సున్నం బకెట్టు పక్కన పెట్టుకుని, దేవదానం సమాధికి తనే సున్నం కొడుతోంది. చెయ్యి ఆగడం లేదు, నోరూ ఆగడం లేదు. కుంచెతో ఒక్కో దెబ్బ వేస్తూ అతన్ని ఏదో అడుగుతోంది, తిడుతోంది, మళ్లీ అడుగుతోంది. మాటలు నాకు వినపడలేదు. కానీ ఇప్పుడు ఆమె తిడుతున్నది అతను నిజంగా చేసినదానికి.